తవ్వనివాళ్లు చెప్పిన లోతు

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కణుతులు, అడవిపందులు, కొండముచ్చులు, ముళ్లపందులు, లెక్కలేనన్ని కుందేళ్లు ఉండేవి. ఒక ముసలి ఎలుగుబంటి కూడా ఉండేది. ఆమె పేరు బూచమ్మ. నిజానికి బూచమ్మ అంత ముసలిదేమీ కాదు. పని వల్ల అలా కనిపించేది.

అడవి మధ్యలో గవ్వలవాగు ఉంది. వానాకాలంలో అది ఒడ్డులు కోసుకుంటూ పారేది. మోదుగలు పూసేసరికి సన్నగిల్లేది. ఇప్పపూలు రాలేసరికి ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఇసుక కింద మాత్రం నీళ్లుండేవి. ఇసుకను పక్కకు తోడితే అడుగున మెల్లగా ఊరేవి. అలాంటి గుంటను చెలమ అంటారు. ఎండాకాలమంతా ఇప్పలకోన బతుకు చెలమల మీదే.

చెలమలు తవ్వేది బూచమ్మ. అంతకుముందు ఆమె తల్లి తవ్వేది. దానికి ముందు తల్లి తల్లి తవ్వేది. వాళ్లే ఎందుకు తవ్వాలని ఎవరూ అడగలేదు. వాళ్ల గోళ్లు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి అని అందరూ సరిపెట్టుకున్నారు. అడవిపంది మూతి కూడా పొడుగే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

చెలమలు మూడు ఉండేవి. ఒకటి ఇవాళ తాగడానికి. ఇంకొకటి నెమ్మదిగా ఊరడానికి. మూడోదాన్ని ఎండ తగలకుండా ఇసుక కప్పి వదిలేయాలి. రోజుకొకటి చొప్పున వంతు మారేది.

తవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. తవ్వుతూ తవ్వుతూ మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఇసుక అయిపోయి చల్లగా, జిగటగా బంకమన్ను తగలగానే ఆగిపోవాలి. ఒక్క గోరు కూడా అందులో దిగకూడదు.

"బంక తగిలితే ఆగు," అని బూచమ్మకు తల్లి చెప్పింది. ఎందుకో చెప్పే తీరిక ఆ తల్లికి లేదు. ఎన్నో ఎండాకాలాలు తవ్విన తరువాత బూచమ్మకే అర్థమైంది. వాగు కింద ఆ బంకమన్ను గిన్నెకు అడుగులాంటిది. నీళ్లు కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

ఈ సంగతి అడవిలో ఇంకెవరికీ తెలియదు. చేతులు పెట్టినవాళ్లకే తెలిసే సంగతి అది. చేతులు పెట్టింది ఆమె ఒక్కతే.

ఆ ఏడాది బూచమ్మ వీపు మీద ఐదు నెలల కూతురు ఉంది. దాని పేరు బూరి. ఎలుగుబంటి పిల్లలు తల్లి వీపెక్కే లోకం చూస్తాయి. బూరి బరువుతోనే బూచమ్మ వేకువన లేచేది. బూరి బరువుతోనే ఇసుక తోడేది. అందరూ తాగి వెళ్లాక కూలిన అంచులు సరిచేసేది. రేపటి చెలమ చూసుకునేది. అప్పుడు తను వంగి తాగేది. ఆ వేళకు అడుగున బురద మిగిలేది.

పక్కనే పొదలో ఉండే ముళ్లపంది కంపమ్మకు ఇదంతా చూస్తే ఒళ్లు మండేది.

"అక్కా, నువ్వు చచ్చాక నీ గోళ్లకు గుడి కడతారు చూడు. బతికుండగా ఒక్క పూట మాత్రం తవ్వరు," అనేది.

"గుడి ఎందుకే. ఒక్క రోజు తెల్లగా తెల్లారేదాకా పడుకుంటే చాలు," అనేది బూచమ్మ.

ఆ ఏడాది వానలు సరిగా పడలేదు. రోహిణి కార్తె రాకముందే ఎండలు బండల్ని పగలగొడుతున్నాయి. చెలమలు మెల్లగా ఊరుతున్నాయి. అవతల పెద్దేరు ఉంది. కానీ అది రెండు రోజుల దారి. దారంతా కాలే రాళ్లు. మూడేళ్ల కిందట ఒక ఎండాకాలంలో బూచమ్మ పెద్ద పిల్లను ఎక్కించుకుని ఆ దారిన వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వీపు ఖాళీగా ఉంది.

అందుకే ఆమె మనసులో ఒకే మాట తిరుగుతుండేది. చెలమలు మృగశిర కార్తె దాకా నిలవాలి. నిలిస్తే బూరి బతుకుతుంది.

అడవిపందుల పెద్ద కోరలయ్య. పెద్ద ఒళ్లు, రెండు పెద్ద కోరలు, వాటికంటే పెద్ద గొంతు. వంతు కోసం నిలబడటం అతనికి నామోషీ. పైగా రోజూ బురదలో దొర్లకపోతే అతనికి నిద్ర పట్టదు. చెలమలో ఎవరైనా దొర్లుతారా?

"గుక్కెడు నీళ్ల కోసం కుందేళ్ల వెనక నిలబడాలా నేను?" అని ఒకరోజు గట్టిగా అరిచాడు. "ఈ అడవి ఎప్పటికి బాగుపడుతుంది? మన ముత్తాతల నాటి గుంటలే ఇంకా!"

మర్నాడే వనాభివృద్ధి సభ అని చాటింపు వేయించాడు. చాటింపు వేసింది కొండముచ్చు తోకేశం. కొమ్మ మీది నుంచి కొమ్మ మీదికి దూకుతూ గట్టిగా మాట్లాడటం అతని పని. ఏం మాట్లాడాలో ఇంకొకరు చెప్తారు.

మద్దిచెట్టు కింద సభ జరిగింది. బూచమ్మకు కబురు వచ్చింది. ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్లకు అడుగుతున్నారు అనుకుంది. బంకమన్ను సంగతి ఎలా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లింది.

ఆమెను చూడగానే కోరలయ్య ముఖం విప్పారింది.

"రా బూచమ్మా, సమయానికి వచ్చావు. సభకు వచ్చినవాళ్లందరికీ దాహంగా ఉంది. ఆ కప్పిపెట్టిన చెలమ కూడా తెరువు."

"అది రేపటిదయ్యా," అంది బూచమ్మ.

"మేమిక్కడ మాట్లాడుతున్నది కూడా రేపటి గురించే కదమ్మా!"

అందరూ నవ్వారు. కూర్చుకున్న మాటలు బూచమ్మ గొంతులోనే ఉండిపోయాయి. వెళ్లి చెలమ తెరిచింది. నీళ్ల కరువు మీద సభ పెట్టినవాళ్లు రేపటి నీళ్లు ఇవాళే తాగేసి, మూతులు తుడుచుకుని మళ్లీ చెట్టు కింద కూర్చున్నారు.

ఆ తరువాత ఆమెకు సన్మానం చేశారు. మోదుగాకులతో కుట్టిన శాలువా తెచ్చి వీపు మీద కప్పారు. అక్కడ బూరి ఉందని ఎవరూ చూడలేదు. పిల్ల ఉక్కిరిబిక్కిరై శాలువాను గీకి గీకి చింపేసింది.

"బూచమ్మ మన అడవికి తల్లి!" అని తోకేశం కొమ్మ ఊపాడు. "తల్లి సేవలు వెలకట్టలేనివి!"

"తల్లి అన్నారంటే పని పెరుగుతుందని అర్థం. శాలువా కప్పారంటే నోరు మూసుకోమని," అంది కంపమ్మ వెనక నుంచి. ఆమె గొంతు అందరికీ వినబడింది. ముళ్లకు భయపడి ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు కోరలయ్య అసలు సంగతి చెప్పాడు. మూడు చెలమలు కలిపి ఒకే పెద్ద మడుగు తవ్వాలి. లోతుగా తవ్వాలి. వంతులు, వరసలు ఇక ఉండవు. ఎవరికి ఎంత కావాలంటే అంత తాగొచ్చు.

"ఆలోచించండి! పైన ఇసుకలోనే ఇన్ని నీళ్లుంటే, దాని కింద ఎన్ని ఉండాలి?"

"ఇసుక కింద నీళ్లుండవయ్యా. బంకమన్ను ఉంటుంది," అంది బూచమ్మ. "బంక తగిలితే ఆగాలి. అది తెగితే నీళ్లు నిలవవు."

"ఎవరు చెప్పారు?"

"మొదట మా అమ్మ చెప్పింది. తరువాత నా చేతులు చెప్పాయి."

"అమ్మమ్మల కబుర్లతో అడవులు బాగుపడవమ్మా," అన్నాడు కోరలయ్య ఎంతో ఓపికగా, పసిపిల్లకు చెప్తున్నట్టు.

"నువ్వెప్పుడైనా చెలమ తవ్వావా కోరలయ్యా?"

"నేను తవ్వను. తవ్విస్తాను."

చప్పట్లు మోగాయి.

బూచమ్మ ఇంకోసారి చెప్పలేదు. చెప్పిందే మళ్లీ చెప్పాలంటే మొదటిసారి కంటే రెట్టింపు బలం కావాలి. ఆ రోజు బలమంతా చెలమ తెరవడంలోనే అయిపోయింది. చిరిగిన మోదుగాకులు దులుపుకుని ఇంటి దారి పట్టింది.

మర్నాడు మడుగు పని మొదలైంది. కోరలయ్య గట్టు మీద నిలబడి అరిచాడు. ఆడపందులు, దుప్పులు ఇసుక తోడాయి. మూడు చెలమల మధ్య గోడలు కూలిపోయాయి. చుట్టూ ఇసుకలో ఉన్న తేమంతా ఆ గుంటలోకి దిగింది. సాయంత్రానికి మడుగు తళతళలాడింది.

"వంతుల కాలం పోయింది!" అని తోకేశం అడవంతా దూకాడు.

పందులు మడుగులో దొర్లాయి. దుప్పులు కడుపులు ఉబ్బేదాకా తాగాయి. కుందేళ్లు ఒకదాని మీద ఒకటి నీళ్లు చల్లుకున్నాయి. బూరి పుట్టాక మొదటిసారి పొట్ట మునిగేదాకా నీళ్లలో దిగి కిచకిచలాడింది. బూచమ్మ తేట నీళ్లు తాగింది. అంతగా అలసిపోయి ఉందేమో, తన లెక్కే తప్పు కావాలని కోరుకుంది. పొరబడి అయినా సరే, విశ్రాంతి దొరికితే బాగుండుననిపించింది.

కానీ వేకువకే మెలకువ వచ్చింది. కళ్లు తెరవకముందే ఆమె చేతులు కింద ఇసుక కోసం తడిమాయి.

రెండో రోజు మడుగు జానెడు తగ్గింది. మూడో రోజు ఇంకో జానెడు. ఇసుక కప్పితే దాగే నీళ్లు ఇప్పుడు పొద్దంతా ఎండకు ముఖం చూపిస్తున్నాయి.

"అందరికీ వంతులు తీసేశారు సరే. సూర్యుడికి ఎవరు చెప్తారక్కా, తక్కువ తాగమని?" అంది కంపమ్మ.

ఆరో రోజుకు మడుగు బురదయింది. ఏడో రోజుకు కోరలయ్యకు దొర్లడానికి కూడా చాలలేదు. మృగశిర ఇంకా పదమూడు రోజులుంది.

"లోతు చాల్లేదు! ఇంకా దిగాలి," అన్నాడు. ఈసారి తనే దిగాడు. సభాధ్యక్షుడు స్వయంగా తవ్వుతున్నాడని తోకేశం చాటాడు. చూడటానికి అడవంతా గట్టు మీద చేరింది.

బూచమ్మ కూడా వచ్చింది. కోరలయ్య మూతికి నల్లగా, జిగటగా ఏదో అంటుకుని ఉంది. చూడగానే ఆమె గట్టు దిగింది.

"కోరలయ్యా, ఆగు! నీ మూతి చూసుకో. అదే బంక."

"పక్కకు జరుగు తల్లీ. పనిలో ఉన్నాం."

"నీకు దండం పెడతాను. నా బూరి పెద్దేటి దాకా నడవలేదయ్యా. నీ పిల్లలూ నడవలేరు. ఆగు."

కోరలయ్య తల వెనక్కి తీసుకుని, రెండు కోరలూ బంకలోకి దిగేసి, పెళ్లగించాడు.

టక్ మని ఒక చప్పుడు. బంక కింద ఉన్న రాయి తగిలి కుడి కోర సగానికి విరిగింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఎవరో పెద్ద గుటక వేసినట్టు. రాతి పగుళ్లలోకి బురదనీళ్లు గిర్రున తిరుగుతూ దిగిపోయాయి. అందరూ చూస్తుండగానే మడుగు ఖాళీ అయింది. గట్టు ఇసుకలో మిగిలిన తేమ కూడా మెల్లగా అటే జారిపోయింది.

అందరూ ఖాళీ గుంటలోకి వంగి చూశారు.

"ఇది... ఇది ప్రకృతి వైపరీత్యం!" అన్నాడు తోకేశం కొమ్మ మీది నుంచి.

"ప్రకృతికి ఎప్పుడు మొలిచాయిరా కోరలు?" అంది కంపమ్మ.

అప్పుడు అందరి కళ్లూ బూచమ్మ వైపు తిరిగాయి. "అమ్మా, నువ్వే దిక్కు," అంది ఒక దుప్పి. "అవునమ్మా, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి," అన్నాయి కుందేళ్లు. మొన్న చప్పట్లు కొట్టినవాళ్లే.

బూచమ్మ వాళ్లను చూసింది. కోపం తెచ్చుకుందామనుకుంది. కోపానికి కూడా ఓపిక కావాలి. మెడ మీద బూరి నాలుక తగిలింది. ఆ నాలుక పొడిగా ఉంది. బూచమ్మ ఎవరికీ బదులు చెప్పకుండా వాగు ఎగువకు నడిచింది. కంపమ్మ ఆమె వెంట వెళ్లింది.

ఎగువన ఒక మలుపు దగ్గర వాగుకు అడ్డంగా బండ ఉంది. బండకు అవతలి ఇసుకలో నీళ్లుంటే, అవి మడుగు వైపు జారి ఉండవని బూచమ్మ ఊహ. ఒక చోట తవ్వింది. పొడి. ఇంకో చోట తవ్వింది. పొడి. మూడో చోటా అంతే. ఆమె గోళ్ల సందుల్లో రక్తం కారింది.

"కాసేపు కూర్చో అక్కా," అంది కంపమ్మ.

"కూర్చుంటే లేవలేనే."

నాలుగో చోట ఇసుక చల్లగా తగిలింది. ఇంకాస్త తోడి చెయ్యి పెట్టింది. కింద జిగటగా బంక. ఆగిపోయింది. అక్కడే కూలబడి ఎదురుచూసింది. చాలాసేపటికి అడుగున ఒక ఆకు నిండేటన్ని నీళ్లు ఊరాయి. బూరి వాటిని నాకేసి తల్లి ముఖం వైపు చూసింది. బూచమ్మ మళ్లీ ఊరేదాకా ఎదురుచూసింది.

పొద్దు వాలేసరికి అడవంతా వాసన పట్టుకుని అక్కడికి చేరింది. అలవాటుగా అందరూ చెలమ చుట్టూ నిలబడ్డారు, ఎప్పుడు తవ్వి పెడుతుందా అని.

బూచమ్మ చెలమకు అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ మూడు పట్టవు. రెండు చెలమలే. మృగశిర దాకా అందరికీ చాలుతాయో లేదో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. నేనొక్కదాన్నే తవ్వను."

"అదేంటమ్మా, నువ్వు తల్లివి కదా!" అన్నాడు తోకేశం.

"అవును. బూరికి తల్లిని. నీక్కాదు. ఏవీ, నీ చేతులు చూపించు."

తోకేశం అప్పుడే గుర్తొచ్చినట్టు తన చేతులు చూసుకున్నాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. పదివేళ్లూ పని చేస్తున్నాయి.

"మాకు గోళ్లు లేవమ్మా," అన్నాయి దుప్పులు.

"గిట్టలున్నాయి. పసిపిల్లలు, ఈనబోయేవాళ్లు తప్ప తాగేవాళ్లందరూ తవ్వాలి. రోజుకొకరు. ముందు ప్రతి ఒక్కరూ వచ్చి ఈ బంక తాకండి. రేపు నేను పోయినా అది ఎక్కడుంటుందో మీ కాళ్లకు తెలియాలి."

అందరూ తటపటాయించారు. మొదట ఒక ఆడపంది ముందుకొచ్చి గుంటలో మూతి పెట్టింది. "చల్లగా ఉందే," అంది ఆశ్చర్యంగా. తరువాత కుందేళ్లు వచ్చాయి. తరువాత దుప్పులు.

కోరలయ్య రాలేదు. "సభాధ్యక్షుణ్ణి నేను. ఒక ఎలుగుబంటి చెబితే గుంట తవ్వాలా? మనం పెద్దేటికి పోదాం పదండి," అన్నాడు తన మందతో. మగపందులు లేచాయి. ఆడపందులు మాత్రం పిల్లలను దగ్గరకు లాక్కుని అక్కడే కూర్చున్నాయి. అతను పిలిచాక అవి కదలకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

పదకొండు మగపందులు వెళ్లాయి. తొమ్మిది రోజుల తరువాత నాలుగు తిరిగొచ్చాయి. పెద్దేరు కూడా బురదగా మారిందట. మిగతావి దారిలోనే పడిపోయాయి. ఒక్క కోరతో, డొక్కలు ఎండిపోయి కోరలయ్య వరస చివర నిలబడ్డాడు. అతను వస్తే అందామని కంపమ్మ ఒక మంచి మాట దాచిపెట్టుకుంది. అతన్ని చూసి ఆ మాట మింగేసింది.

కోరలయ్య వంతు వచ్చేదాకా బూచమ్మ చెలమ పక్కనే ఉంది. అతను తాగాక, "రేపు వేకువన తవ్వే వంతు నీది," అంది.

"సరే అమ్మా," అన్నాడు అతను.

మర్నాడు వేకువన కోరలయ్య విరిగిన కోరతో, మూతితో ఇసుక తోడాడు. అరచేయంత లోతుకే నడుము పట్టేసింది. ఇంతకాలం ఈ పని ఎవరో చేస్తున్నారని అప్పుడు అతనికి నిజంగా తెలిసింది. ఇంకా తోడాడు. మూతికి చల్లగా ఏదో తగిలింది. గబుక్కున వెనక్కి తగ్గాడు.

"అమ్మా, ఇదేనా బంక? ఇక్కడేనా ఆగాలి?" అని కేకేశాడు.

బదులు రాలేదు.

"అదే. ఆగు. అరవకు," అంది కంపమ్మ నెమ్మదిగా. "అక్క పడుకుంది."

ఎండ ముఖం మీద పడేదాకా బూచమ్మ లేవలేదు.

నాలుగు రోజులకు మృగశిర చినుకులు పడ్డాయి. బూరి తల్లి వీపు దిగి, మొదటిసారి వానలో నాలుగడుగులు నడిచింది.

వాగు పారి తగ్గాక, పాత మడుగు దగ్గర తెగిన చోట కొత్త బంకమన్ను తెచ్చి వేసి, వంతుల ప్రకారం అందరూ తొక్కడం మొదలుపెట్టారు. మరుసటి ఎండాకాలం అక్కడ చుక్క నిలవలేదు. ఆ పై ఏడాది కూడా నిలవలేదు. పగలగొట్టడానికి ఒక్క పోటు చాలింది.

"ఇంకా ఎన్నాళ్లు తొక్కాలి?" అని ఎవరైనా అడిగితే బూచమ్మ, "తొక్కుతూ ఉండండి," అనేది. అని, ఆ రోజు వంతు తనది కాకపోతే, అటు తిరిగి పడుకునేది.

నీతి: ఊరినంతే తాగాలి, తాగేవాళ్లందరూ తవ్వాలి; తవ్వే చేతులను అడగకుండా లోతు నిర్ణయిస్తే రేపటి నీళ్లు కూడా ఇవాళే పోతాయి.